‘కలుపు చేప’ ఎవరికి కలుపు?

చేపల పెంపకంపై మనం రైతులకు ఇచ్చే కరపత్రాలలో ఒక అంశం తప్పక ఉంటుంది. పిల్లలను వదలడానికి ముందు చెరువులోని కలుపు చేపలను, మాంసాహార చేపలను నిర్మూలించాలి. అందుకు మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క గాని, సుమారు 350 కిలోల బ్లీచింగ్ పౌడరు గాని వేయాలి. రైతు శిక్షణ శిబిరాలలో నేనూ ఎన్నో ఏళ్లు ఈ మాటలే చెప్పాను. నర్సరీ చెరువు విషయంలో ఈ సలహా శాస్త్రీయమే. మూడు నాలుగు రోజుల వయసున్న బొచ్చె, శీలావతి పిల్లలను వదిలే నీటిలో వేరే చేప ఉంటే పిల్ల దక్కదు, మేత దక్కదు. ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం ఆ మాట నర్సరీ చెరువు గట్టు దాటి ఊరి చెరువులోకి రావడం గురించి. కొన్నేళ్ల క్రితం కొందరు విద్యార్థులతో పూతలపట్టు మండలంలో క్షేత్ర పర్యటనకు వెళ్లాను. 2021 నవంబరు వానలకు చిత్తూరు జిల్లా చెరువులు చాలావరకు నిండిపోయాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులవి. ఆ మరుసటి సంవత్సరం కూడా చెరువుల్లో నీరు నిలిచి ఉంది. తూము కింద పంటకాలువలో ఒక విద్యార్థి దోమతెర గుడ్డతో నీళ్లు వడకట్టి, పట్టిన చేపలను గాజు సీసాలో వేసి నాకు చూపించాడు.

“సార్, వీటి పేర్లేమి?”

“ఇవన్నీ కలుపు చేపలు” అన్నాను.

అతడు సీసాను వెలుతురుకు పెట్టి, ఒక్కొక్కదాన్నీ చూసి, “ఏడు రకాలున్నాయి సార్. ఏడింటికీ అదే పేరా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. గట్టుమీద వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన మాత్రం, “ఇవి పక్కెలు, అది జెల్ల, ఆ బురదలో దూరేది ఇసుకదొందు. ఏం సార్, ఇదీ తెలీదా?” అన్నాడు. పాఠం చెప్పవలసిన వాడిని నేను, పేర్లు తెలిసినవాడు ఆయన. ఫ్రాన్సిస్ డే 1870 దశకంలో భారతదేశపు చేపలపై బృహద్గ్రంథాన్ని వెలువరించినప్పుడు చాలా జాతులకు తెలుగు పేర్లు, తమిళ పేర్లు కూడా రాసుకున్నాడు. మద్రాసు సైన్యంలో పనిచేసిన వైద్యుడు నూటయాభై ఏళ్ల క్రితం చేసిన పనిని మనం కొనసాగించకపోగా, ఉన్న పేర్లన్నిటినీ చెరిపి ఒకే ముద్ర వేశాము. వరిపొలంలో తుంగను కలుపు అన్నప్పుడు దానికి వేరే పేరు ఉందని రైతుకూ తెలుసు, మనకూ తెలుసు. చేప విషయంలో ఆ జ్ఞాపకం కూడా పోయింది.

ఆ సీసాలోని వాటిని తరువాత తీరికగా గుర్తించాము. రెండు రకాల పక్కెలు (పుంటియస్ జాతులు), ఒంటి పొడవునా నల్లని చార ఉన్న రాస్బోరా, పొడవాటి మీసాల ఎసోమస్, నుదుటిపై వెండి చుక్క మెరిసే అప్లోకీలస్, ఇసుకలో దాగే లెపిడోసెఫాలిక్తిస్, ఎముకలు సైతం కనిపించేంత పారదర్శకంగా ఉండే గాజు చేప (పరంబాసిస్ రంగా). జెల్లనూ ఇసుకదొందునూ కలుపుకొంటే తొమ్మిది. ఇవేవీ అరుదైనవి కావు. ద్వీపకల్ప భారతమంతటా ఉన్నవే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి, అనగా ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇలాంటివి చాలావరకు ‘ఆందోళన అవసరం లేని’ వర్గంలోనే ఉన్నాయి. మరి ఇంత చర్చ ఎందుకని పాఠకులు అడగవచ్చు. వాలుగ కూడా ఒకప్పుడు అంతటా ఉన్న చేపే. ఇప్పుడు అదే జాబితాలో ‘ప్రమాదానికి లోనుకాగల’ జాతి. మనం మార్పు అని పిలిచే నాటు చేపల్లో క్లారియస్ మగుర్ ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతిగా నమోదైంది. అంతటా ఉన్న చేప కనుమరుగవుతున్నప్పుడు ఒక్కొక్క చెరువులోంచే పోతుంది. ఆ చెరువులో అది ఉండేదని ఎవరూ రాసి ఉంచకపోతే, పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

గాజు తొట్టె ఈ లోటును కొంత తీర్చగలదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం కలగడానికి కారణం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. అక్కడ దాత ఒకరు ఇచ్చిన మూడడుగుల తొట్టెలో బంగారు చేపలు ఉండేవి. ఏప్రిల్ ఎండలకు, కరెంటు కోతలకు, పిల్లలు ప్రేమతో అతిగా వేసిన మేతకు అవి ఒక్కొక్కటిగా చనిపోయేవి. జూన్‌లో మళ్లీ కొనేవారు. బంగారు చేప చల్లటి నీటి చేప, పైగా విసర్జన ఎక్కువ. వేసవిలో ముప్పై డిగ్రీలు దాటే నీటిలో, గాలి మర ఆగితే దానికి బతుకు కష్టం. ఆ తొట్టెలో ఊరి చెరువు నాచు వేసి, చెరువు చేపలనే పెట్టి చూడమని అక్కడి జీవశాస్త్ర ఉపాధ్యాయురాలికి సూచించాను. రాయలసీమ బోరు నీటి కాఠిన్యం ఆ చేపలకు కొత్త కాదు, వేడి కూడా కొత్త కాదు. ఒక్కటే జాగ్రత్త. నీరు పట్టిన వెంటనే చేపలు వేయకుండా, వడపోత గులకరాళ్లపై అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు నిలదొక్కుకునే దాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, ఆ పైన మెల్లగా రెండేసి మూడేసి చేపలు వేయాలి. తరువాత వారానికి పావు వంతు నీరు మార్చితే చాలు.

చేపలు బతికాయి. అంతకంటే ముఖ్యంగా, పిల్లలు చూడటం మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నోటు పుస్తకంలో ఇలా రాసుకుంది: నుదుట చుక్క ఉన్న ఆడ చేప రోజూ కొన్ని గుడ్లు మాత్రమే పెడుతుంది, నాచు వేళ్లకు అతికిస్తుంది, గుడ్లను వేరే గిన్నెలోకి మార్చితే రెండు వారాలకు పిల్లలు వస్తాయి, మార్చకపోతే పెద్దవి తినేస్తాయి. అప్లోకీలస్ గురించి పుస్తకాల్లో ఉన్నదే ఇది. ఆమె మాత్రం పుస్తకం చూసి రాయలేదు. మట్టగిడసల కుటుంబానికి చెందిన చన్నా గచువాలో మగ చేప గుడ్లను నోటిలో ఉంచుకొని పొదుగుతుందని చెప్పినప్పుడు, మరి అన్నాళ్లు అది ఏం తింటుందని తరగతి మొత్తం అడిగింది. మత్స్య శాస్త్ర పట్టభద్రులలో ఈ ప్రశ్న వేసినవారిని నేను చూడలేదు.

చూడముచ్చటగా లేవు కనుక నాటు చేపలు తొట్టెకు పనికిరావని వ్యాపారులు అంటారు. దీనికి చరిత్రే సమాధానం చెబుతుంది. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటిలో నేడు పెరుగుతున్న జీబ్రా చేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా పరీవాహక ప్రాంతపు చేపలపై రాసిన గ్రంథంలో మొదట వర్ణించాడు. అది ఈ దేశపు వాగుల చేప, మన లెక్కలో కలుపు చేప. హైదరాబాదులోని సీసీఎంబీలోనూ దానిపై పరిశోధనలు జరుగుతున్నాయి. గాజు చేపది మరో కథ. పారదర్శకమైన దాని ఒంటిలోకి సూదితో రంగు ఎక్కించి విదేశాల్లో అమ్మిన కాలం ఉంది. సహజంగా ఉన్న అందం చాలక చేసిన పని అది. ఆ రంగు కొంతకాలానికి వెలిసిపోతుంది, చాలా చేపలు అంతకుముందే రోగాల పాలవుతాయి.

అయితే నాటు చేపలను తొట్టెలో పెంచమనగానే నాకే ఒక భయం కలుగుతుంది. ఆ భయం పేరు మిస్ కేరళ. పడమటి కనుమల వాగుల్లో ఉండే డెనిసన్ బార్బ్ (సహ్యాద్రియా డెనిసోనీ) 1990ల చివర అంతర్జాతీయ అలంకరణ చేపల విపణిలోకి ప్రవేశించింది. ఎర్ర చార, నల్ల చార, పసుపు నలుపు తోకతో అది అందరినీ ఆకట్టుకొంది. పట్టినవన్నీ వాగుల్లోంచి పట్టినవే. కొన్నేళ్లకే వాగుల్లో సంఖ్య పడిపోయి, ఎర్ర జాబితాలో ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతి అయింది. 2013లో బయలాజికల్ కన్సర్వేషన్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం 2005 నుంచి 2012 వరకు భారతదేశం నుంచి ప్రమాదంలో ఉన్న 30 మంచినీటి జాతులకు చెందిన పదిహేను లక్షలకు పైగా చేపలు అలంకరణ కోసం ఎగుమతి అయ్యాయి. వాటిలో ఈ చేపా, దాని దగ్గరి జాతీ కలిసి మూడు లక్షలకు పైనే. కృష్ణా పరీవాహకపు పడమటి కనుమల వాగుల్లో మాత్రమే ఉండే చారల బోటియా (బోటియా స్ట్రయేటా) అంతకంటే ఎక్కువ.

కేరళ ప్రభుత్వం మౌనంగా ఉండలేదు. 2008లో ఈ చేప పట్టుబడిపై ఆంక్షలు పెట్టి, కొన్ని నెలలు నిషేధకాలంగా నిర్ణయించింది. విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినది ఆ తరువాత జరిగిన సంగతి. చేప జీవచరిత్రను పరిశీలించినవారు అది గుడ్లు పెట్టే కాలం అక్టోబరు నుంచి మార్చి వరకని తేల్చారు. నిషేధపు నెలల్లో ఎక్కువ భాగం ఆ కాలంలో లేవు. మంచి ఉద్దేశంతో వచ్చిన ఆంక్ష, చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో తెలియక గురి తప్పింది. మన చెరువుల్లోని చేపల విషయంలో అలాంటి ఆదేశం రేపు ఒకటి రాయవలసి వస్తే ఏ నెలలు రాస్తాము? జూన్, జూలై అని అలవాటుగా రాస్తాము. పూతలపట్టు ప్రాంతంలో చెరువు నింపే వాన చాలా ఏళ్లు అక్టోబరు తరువాత వచ్చే ఈశాన్య ఋతుపవనం. మరవ పారినప్పుడు చేప ఎదురెక్కేదీ అప్పుడే.

తొట్టెలలో చేప లక్షల సంఖ్యలో ఉన్నంత మాత్రాన జాతి దక్కినట్టు కాదన్నది రెండో జాగ్రత్త. తిరుపతి, చిత్తూరు దుకాణాల్లోనూ కనిపించే నల్లని ఒళ్లు, ఎర్రని తోక ఉన్న ‘రెడ్ టెయిల్ షార్క్’ థాయ్‌లాండ్ నదుల చేప. పెంపకపు చెరువుల్లో అది కోకొల్లలు. స్వస్థలంలో మాత్రం అంతరించడానికి అంచున ఉన్న జాతుల్లో ఒకటి. ఆ పెంపకపు చేపలు ఏ నది నుంచి వచ్చిన తల్లిదండ్రుల సంతతో, ఎన్ని తరాలుగా దగ్గరి బంధువుల మధ్య సంకరమయ్యాయో నమోదు లేదు. వాటిని తిరిగి నదిలో వదలడానికి శాస్త్రజ్ఞుడెవడూ సాహసించడు.

దీనికి ఎదురుగా మెక్సికోలో జరిగిన ప్రయత్నం ఉంది. తెయుచిత్లాన్ నదిలోని టెకీలా చేప (జూగోనెటికస్ టెకీలా) అక్కడ అంతరించిపోయింది. ఇళ్లలో తొట్టెలు పెట్టుకున్న యూరప్ అభిరుచిపరులు కొందరు దానిని తరాలుగా కాపాడారు. 1998లో వారిలో ఒకరి నుంచి అయిదు జతలు మిచోవాకాన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఇంగ్లండులోని చెస్టర్ జంతు ప్రదర్శనశాల తోడ్పాటుతో అక్కడ సంతతిని పెంచారు. తరువాత నలభై జతలను సహజ పరిస్థితులను పోలిన కొలనుల్లో వదిలి, శత్రు జీవులకూ పరాన్నజీవులకూ అలవాటు పడనిచ్చారు. నాలుగేళ్లు ఆగాకే సుమారు 1,500 చేపలను నదిలో వదిలారు. నదిని శుభ్రపరచడం, విదేశీ చేపలను తగ్గించడం, ఊరి పిల్లలకు ఆ చేపను పరిచయం చేయడం కూడా ఆ పనిలో భాగాలే. ఇది సఫలమైంది. ఆ తొట్టెలలోని చేప ఏ నదిదో అందరికీ తెలియడం దానికి ముఖ్య కారణమని నేను భావిస్తాను.

నాటు చేప అని చెప్పి ఏ నీటి చేపనైనా ఏ నీటిలోనైనా వదలవచ్చనుకునేవారికి కావేరి పాఠం చాలు. మహసీర్ సంఖ్య పెంచాలన్న సదుద్దేశంతో ఆ నదిలో దశాబ్దాలుగా నీలి రెక్కల మహసీర్ పిల్లలను వదిలారు. అవి కృష్ణా, గోదావరి వైపు జాతి. అవి విస్తరించాయి, కావేరికే ప్రత్యేకమైన మూపురపు మహసీర్ (టోర్ రెమాదేవియై) క్షీణించింది. దానికి సరైన శాస్త్రీయ నామం 2018లో స్థిరపడేనాటికి అది అత్యంత ప్రమాదస్థితిలో ఉంది. రెండూ దేశీయ చేపలే సుమా.

మన ప్రాంతంలో ఈ విషయం మరింత జాగ్రత్త కోరుతుంది. పాకాల వైపు కొండల నీరు స్వర్ణముఖిలో చేరి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా తూర్పుకు పోతుంది. చిత్తూరు వైపు నీరు నీవా నది ద్వారా పొన్నైకి, అక్కడి నుంచి పాలారుకు చేరుతుంది. బస్సులో గంట ప్రయాణం కూడా లేని రెండు చెరువులు రెండు వేర్వేరు నదులవి కావచ్చు. అక్కడి పక్కె, ఇక్కడి పక్కె చూపుకు ఒకటే. లోపల ఒకటేనా అన్నది పరీక్షించవలసిన సంగతి. కాబట్టి తొట్టెకు అతికించే చీటీలో జాతి పేరుకంటే ముందు ఉండవలసినది చెరువు పేరు, నెల, సంవత్సరం, పట్టినవారు పిలిచే పేరు. జాతి పేరు తరువాత ఎవరైనా సరిదిద్దగలరు. చెరువు పేరు ఒకసారి పోతే తిరిగి రాదు.

విస్తరణ విభాగాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకరణ చేపల యూనిట్‌కు మూడు లక్షల రూపాయల యూనిట్ వ్యయం నిర్ణయించి, సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం రాయితీ ప్రకటించారు. నేను చూసిన యూనిట్లలో గప్పీ, మోలీ, గౌరామి, బంగారు చేప తప్ప మరొకటి లేదు. లబ్ధిదారులను తప్పు పట్టను. వారికి మనం నేర్పింది అదే, విపణి అడిగేదీ అదే. కానీ ఒక్కో యూనిట్‌లో కనీసం ఒక తొట్టె స్థానిక జాతికి, పుట్టిన నీటి వివరంతో సహా, కేటాయించమని సాంకేతిక సలహాలో చేర్చడానికి ఖర్చేమీ లేదు. తల్లి చేపలుగా ఒక్కో జాతి పది పన్నెండుకు మించి చెరువు నుంచి తీయవద్దు. అమ్మేది తొట్టెలో పుట్టినదే కావాలి. శేషాచలం అభయారణ్యపు వాగుల జోలికి అనుమతి లేకుండా ఎవరూ పోరాదు. ఈ షరతులు లేకుండా నాటు చేపల వ్యాపారాన్ని ప్రోత్సహించడం మిస్ కేరళ కథను మన ఊళ్లలో మొదలుపెట్టడమే.

తొట్టెలోని చేపను మళ్లీ బయటి నీటిలో వదలకూడదన్నది అన్నిటికంటే కఠినంగా చెప్పవలసిన మాట. దక్షిణ అమెరికా నుంచి తొట్టె అద్దాలు శుభ్రం చేయడానికి తెచ్చిన సక్కర్ చేప పెద్దదయ్యాక జాలిపడి కాలువలో వదిలినవారి పుణ్యమా అని, నేడు ఆంధ్రప్రదేశ్ చేపల చెరువుల్లో వలలు చింపుతూ ‘దెయ్యం చేప’ అనిపించుకుంటోంది. దోమల నివారణకని 1928లో దేశంలోకి తెచ్చిన గంబూసియాను ఇప్పటికీ కుంటల్లో, బావుల్లో వదులుతూనే ఉన్నాము. అది దోమ పిల్లలతో పాటు నాటు చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. దోమ పిల్లలను తినడంలో పేరున్న అప్లోకీలస్ అదే కుంటలో ముందునుంచీ ఉన్నదన్న సంగతి వదిలేవారికి తెలియదు. ఆరోగ్య శాఖకు ఈ విషయం చెప్పవలసినది మనమే.

ఊరి చెరువులో ఇప్పచెక్క వేయవద్దని చెబితే గుత్తకు తీసుకున్న మత్స్యకారుడు నష్టపోడా అన్న ప్రశ్న న్యాయమైనది. నేను దానిని తేలికగా తీసుకోను. చెరువంతా వదిలేయమని అడగడం లేదు. వేసవిలో నీరు తగ్గినప్పుడు తూము దగ్గరి లోతు మడుగును వడకట్టకుండా ఉంచడం, వేలెడంత పెరిగిన పిల్లలనే కొని వదలడం, ఈ రెండింటితో విష ప్రయోగం అవసరం చాలావరకు తగ్గుతుంది. అంత పెరిగిన పిల్లను వదిలితే పక్కె దానికి పోటీ కాదు. మడుగులో మిగిలిన చిన్న చేప కొత్త నీటితో చెరువంతా మళ్లీ పరుచుకుంటుంది. ముల్లుతో సహా తినే ఆ చిన్న చేపలో ఉండే సున్నపు ధాతువు కోసిన పెద్ద చేప ముక్కలో ఉండదు. పులుసుకు అవే కావాలని అడిగే ఇళ్లు పూతలపట్టు సంతలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పాఠశాల నోటు పుస్తకం ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉంది. మొదటి పేజీలో తొమ్మిది చేపల బొమ్మలు, పక్కన ఊరి పేర్లు, శాస్త్రీయ నామాలు ఉన్నాయి. ప్రతి అక్టోబరులోనూ డిసెంబరులోనూ అదే తూము కింద, అదే దోమతెర గుడ్డతో, పదిసార్లు వడకట్టి లెక్క రాస్తారు. చూసి, వదిలేస్తారు. నిరుడు డిసెంబరు వరుసలో గాజు చేపకు ఎదురుగా సున్నా ఉంది. ఆ వేసవిలో పంటకాలువకు సిమెంటు వేసి, అంచు నాచు తొలగించారు. కారణం అదేనని చెప్పడానికి ఒక్క ఏడాది లెక్క చాలదు. ఈ అక్టోబరులో వాళ్లు మళ్లీ కాలువలోకి దిగుతారు.